చివరి పీరియడ్

టైమ్‌టేబుల్ పని నా నెత్తిన పడింది. హిందూపురంలో మా డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పేది నేనే కాబట్టి, "నీ మిషన్‌తో చేసెయ్యమ్మా" అన్నారు ప్రిన్సిపాల్. ప్రసూతి సెలవు ముగించుకుని అప్పుడే చేరాను. కాదనే ధైర్యం లేదు.

జీవపరిణామాన్ని అనుకరించే జెనెటిక్ అల్గారిథమ్ ఒకటి రాశాను. అది ముందు ఎలా పడితే అలా వందల టైమ్‌టేబుళ్లు పుట్టిస్తుంది. ఒకే గంటలో ఒకరికి రెండు క్లాసులు పడితే మార్కులు కోస్తుంది. తక్కువ మార్కులవాటిని పారేసి, మంచివాటిలో ఒకదాని మొదటి మూడు రోజులకు ఇంకొకదాని చివరి మూడు రోజులు అతికిస్తుంది. అక్కడక్కడా ఒక పీరియడ్‌ను ఊరికే మార్చి చూస్తుంది. ఇలా తరాల మీద తరాలు. మడకశిర బస్సులో వచ్చే కెమిస్ట్రీ సారు మొదటి పీరియడ్ వద్దన్నారు, దానికీ మార్కులు పెట్టాను. అందరి కోరికలూ పెట్టాను. నాది మాత్రం పెట్టలేదు. పసిబిడ్డ తల్లికి ఉద్యోగమెందుకు అంటారని భయం.

స్క్రీన్ మీద మార్కులు పెరుగుతుంటే కూర్చోలేక స్టాఫ్‌రూమ్‌లో అటూ ఇటూ తిరిగాను. చివరికి ఎక్కడా తగాదా లేని టైమ్‌టేబుల్ వచ్చింది. రోజూ చివరి పీరియడ్ నాదే. అది వద్దనని మనిషిని నేనొక్కదాన్నే మరి.

ఇంటికి, ధర్మవరం వెళ్లే నా రైలుబండి రోజూ తప్పిపోయేది. ఒకరోజు తర్వాతి బండిని కూడా పెనుకొండలో ఎదురు బండి క్రాసింగ్‌కి ఆపేశారు. ఇంట్లో బిడ్డను చూసుకునే అత్త ఫోన్ చేసింది.

"యాడుండావమ్మా? బిడ్డ సీసా నోట పెట్టనీయడంల్యా. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది."

వెనక వాడి ఏడుపు వినగానే పాలు చేపుకొచ్చి జాకెట్ తడిసింది. కొంగు కప్పుకుని తలుపు దగ్గర నిలబడ్డాను. సిగ్నల్ మీద కోపం, అల్గారిథమ్ మీద కోపం. నేను చెప్పకుండా దానికేం తెలుస్తుంది!

మర్నాడు బోటనీ మేడంతో మొరపెట్టుకుంటే, "అడగందే అమ్మైనా పెట్టదు, నీ మిషన్ పెడతాదా?" అని నవ్వింది. నాకు ఏడుపొచ్చింది.

ఆ మధ్యాహ్నమే ప్రోగ్రాంలో ఇంకో షరతు చేర్చాను. చివరి పీరియడ్ నాకు పడితే అన్నిటికన్నా ఎక్కువ మార్కులు పోవాలి. మళ్లీ నడిపితే నాకు బండి అందే టైమ్‌టేబుల్ వచ్చింది. కెమిస్ట్రీ సారుకు ఒకరోజు మొదటి పీరియడ్ పడటంతో మొత్తం మార్కులు కాస్త తగ్గాయి.

ప్రిన్సిపాల్ పాత, కొత్త టైమ్‌టేబుళ్ల కాగితాలు రెండూ పక్కపక్కన పెట్టుకున్నారు.

"ముందుదానికే మార్కులు ఎక్కువుండాయి కదమ్మా. కంప్యూటరే మంచిదన్నాక మనమెట్ల కాదంటాం?"

"మార్కులు ఎట్ల వెయ్యల్లో దానికి చెప్పింది నేనే సార్," అన్నాను. "అప్పుడు నా బిడ్డ సంగతి రాసేకి భయపడినా. ఇప్పుడు రాసినా."