మా ముందుగదిలో మునగని పట్నం

మొన్న మా అమ్మాయి ఆఫీసు నుంచి వస్తూ ఒక బరువైన పార్సిల్ చంకన పెట్టుకొచ్చింది. విప్పితే అట్ట మీద రెక్కల పాము బొమ్మ ఉన్న లావుపాటి ఇంగ్లీషు పుస్తకం. చెప్పులైనా విడవకుండా మధ్యలో ఎక్కడో తెరిచి, వేలు పెట్టి చదివి, "అమ్మా, మన పట్నాన్ని మళ్ల పైకి తెచ్చిండ్రు" అంది. నా చదువు నాలుగో తరగతితోనే ఆగిపోయింది, ఇంగ్లీషు అక్షరం ముక్క రాదు. కానీ ఆ పట్నంలో ఏ వీధి తర్వాత ఏ వీధి వస్తుందో మేముండే అల్వాల్ సందులకన్నా బాగా తెలుసు నాకు.

ఎందుకంటే కొన్నేళ్ల కింద ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఆ పట్నం మా ముందుగదిలో చాప మీదే ఉండేది. మారేడుపల్లిలో ఉండే మా మరిది తెచ్చిపెట్టిన ఆట అది. ఆట అన్నానే గానీ గళ్ల అట్టా లేదు, పేక ముక్కలూ లేవు. ఒకరు కథ చెబుతారు, మిగతావాళ్లు తలా ఒక మనిషి అయిపోయి ఆ కథలో తిరుగుతారు. కష్టమైన పని తలపెడితే పాచిక వేయాలి. ఆ పాచికైనా మన పాచికలా ఉండదు, ఇరవై ముఖాలు దానికి. ఒకసారి అది శనగల్లో కలిసిపోయి, నానబెట్టాక గానీ దొరకలేదు. కథ నడిచే దేశం, దాని రాజులు, దేవుళ్లు అంతా పుస్తకంలో ఉంటే మరిది చదివి చెప్పేవాడు. లేనివి వీళ్లే కల్పించుకునేవాళ్లు. బొల్లారం నుంచి అతని స్నేహితుడొకడు వచ్చి మంత్రగాడయ్యేవాడు. మంత్రాలకన్నా నా మిర్చీల మీదే అతనికి ధ్యాస అని నా అనుమానం.

మా అమ్మాయి అప్పుడు ఇంటర్. క్లాసులో పేరడిగితే గొంతు పెగలని పిల్ల. చుట్టాలొస్తే గది తలుపు దాటదు. అలాంటిది ఆటలో ఆ పట్నానికి రేవు పెద్ద. "పేరు చెప్పనిదే ఓడ దిగేది లేదు" అని అది గదమాయిస్తుంటే, నేను వంటింట్లో గరిటె ఆపి వినేదాన్ని.

ఆ ఆట పుస్తకాన్ని అచ్చేసేవాళ్లు కొన్నేళ్లకొకసారి మార్చి వేస్తారట. రూల్సే కాదు, దేశాన్నీ మార్చేస్తారట. అలా ఒక ఆదివారం మరిది కొత్త ఎడిషన్ పట్టుకుని సంబరంగా వచ్చాడు. "ఈ బుక్కుల వందేండ్లు దాటినయ్. సముద్రం పొంగి రేవంతా మునిగింది. ఆడ ఇప్పుడు అన్నీ చేపలే" అన్నాడు. "మరి నా మనుషులు, చిన్నాన్నా?" అంది అమ్మాయి. "వందేండ్లంటే ఎవరుంటరు బిడ్డా? కొత్త మనిషిని రాసుకో. రూల్స్ సుత మస్తుగున్నయ్." అమ్మాయి పాచికను చాప మీద పెట్టి గదిలోకి వెళ్లిపోయింది. ఆ వారమే, ఎంతో ధైర్యం చేసి ఒప్పుకున్న కాలేజీ సెమినార్ ఇవ్వనని చెప్పేసింది. ఆ తర్వాతి ఆదివారమూ గది దాటి రాలేదు.

మరిదిని తప్పు పట్టలేను. రైల్వేలో పనిచేసే మనిషి. టైం టేబుల్ మారాక పాత టైముకు ప్లాట్‌ఫారం మీద నిలబడేదెవరని అతని లెక్క. మూడో ఆదివారం నేను స్టవ్ ఆపేసి, చేతులు తుడుచుకుని వచ్చి చాప మీద కూర్చున్నాను.

"పాత పట్నం నేను చెప్త, నువ్వు రాసుకో."

"కొత్త బుక్కుల అది లేదు వదినా."

"బుక్కోళ్ల ఇంట్ల సముద్రం పొంగితే పొంగనీ. మా ఇంట్ల పొంగలే గదా."

బొల్లారం అతను నవ్వి, "ఇంకో ప్లేటు మిర్చీలు పెడితే నేను వదిన దిక్కే" అన్నాడు.

పడవలు దిగే మెట్ల దగ్గర మొదలుపెట్టాను. ఉప్పు గోదాములు, వలలు ఆరేసే మైదానం, గంట స్తంభం, అన్నీ నాకు చెవితో చూసిన జాగాలే. "స్తంభం పక్కన తాళ్లమ్మే గుడ్డి ముసలాయన ఉంటడు. ఇద్దరు కొడుకులు" అన్నాను.

"ముగ్గురు" అని లోపలి నుంచి వినిపించింది.

ముగ్గురని నాకూ తెలుసు. "ఇద్దరే" అన్నాను మొండిగా.

గది తెర కదిలింది. "ముగ్గురమ్మా. చిన్నోన్ని ఓడ మీద పనికి పెట్టిందే నేను. చిన్నాన్నా, అమ్మ చెప్పేది రాయకు. జెర జరుగు, నేను చెప్త" అంటూ వచ్చి మా ఇద్దరి మధ్య కూర్చుంది.

మరిది కొత్త కాగితం తీశాడు. దీపాలు పెట్టే వేళ దాకా అదే చెప్పింది, మేం విన్నాం. రూల్స్ కొత్త పుస్తకంవి, పట్నం మాత్రం మనది అని ఒప్పందమైంది. సెమినార్ మరుసటి నెల ఇచ్చింది. ముందుగా తన పేరు వెనక బెంచీ దాకా వినిపించేలా చెప్పిందట.

మొన్న పార్సిల్‌లో వచ్చిన ఆ ఆట సరికొత్త ఎడిషన్ చూస్తుంటే అదంతా గుర్తొచ్చి, "మునుపటి లెక్కనే ఉందా?" అని అడిగాను. "లేదమ్మా. రేవును తూర్పు దిక్కు తిప్పిండ్రు. రేవు పెద్ద సుత ఎవరో కొత్తామె" అంది. బాధపడుతుందేమోనని మొహంలోకి చూశాను. "ఆమె ఎట్ల మాట్లాడుతదో చూడాలె" అని పుస్తకం మూసి, కాళ్లు కడుక్కోవడానికి వెళ్లింది.

పుస్తకంలో వందేళ్లు ఒక్క పేజీ తిప్పేలోపు అయిపోయాయి. మా ఇంట్లో ఆ రెండు వారాలే ఎంతకీ గడవలేదు.