ఎండబెట్టిన మల్లెతోట

గుండుమల్లెను ధనుర్మాసం మొదటి వారంలో కత్తిరించాలి. జాజిని ఆ నెల చివర. కాగడా మల్లెలను అప్పుడు ముట్టుకోకూడదు. అవి చలికాలంలోనే పూస్తాయి కాబట్టి, పూత అయిపోయి శివరాత్రి దాటాకే కత్తెర పెట్టాలి. మూడింటినీ ఒకే రోజు కోసేసి, పూలు రాలేదని చెట్టును తిట్టేవాళ్లను చాలామందిని చూశాను. రాయచోటిలో మా పెరట్లో మూడూ ఉన్నాయి. దేన్ని ఏ తేదీన కోశానో, తొలి పువ్వు ఏ రోజు విచ్చిందో క్యాలెండరులో రాసుకోవడం నాకు అలవాటు.

మా చెల్లెలిది పెరడు కాదు, తోట. కోడుమూరు అవతల ముప్పై సెంట్లు, అంతా గుండుమల్లే. మరిది పోయాక ఆమె బతుకుతున్నది దాని మీదే. ఏటా కత్తిరింపుకు నా కత్తెర పదును పెట్టించుకుని వెళ్తాను.

అక్కడ ఒక పద్ధతి ఉంది. కార్తీకం చివర తోటకు నీళ్లు ఆపేస్తారు. నేల బీటలిచ్చి, ఆకు పసుపుబారేదాకా చుక్క పెట్టరు. తర్వాత గొర్రెల మందను తోలి, మిగిలిన ఆకు మేపిస్తారు. అప్పుడు మోకాలి ఎత్తుకు కోసి, పది రోజులు ఆగి నీళ్లు వదులుతారు. చచ్చినట్టున్న మోడు ఒక్కసారిగా చిగురిస్తుంది. ఆ కొత్త చిగురు కొసనే మొగ్గ వస్తుంది. నీళ్లు ఆపినన్నాళ్లూ మా మరిది మోటారు స్టార్టరు పెట్టెకు గుడ్డ చుట్టి తాడు కట్టేవాడు. ఎవరైనా పొరపాటున మోటారు వేస్తే, ఆ కాస్త తడికే ఆకు నిలిచిపోయి పూత చెదిరిపోతుందని ఆయన భయం. ఆయన పోయాక కూడా చెల్లెలు ఆ తాడు కట్టడం మానలేదు.

మొన్నటి ధనుర్మాసంలో నేను వెళ్లేసరికి పక్క చేలో బోర్లు వేసే రిగ్గు లారీ నిలబడి ఉంది. దాని మోతకు కాళ్ల కింద నేల అదురుతోంది. తెల్లటి రాతిపొడి గాలికి లేచి వచ్చి మల్లె ఆకుల మీద పరుచుకుంటోంది.

"ఎప్పటి నుంచి ఆడిస్తాండారు?" అని చెల్లెలిని అడిగాను.

"నిన్నటి నుంచి. ఈ చేను ఆసామి చీనీ చెట్లు పెడతాడంట, బత్తాయి తోట. మన బోరు కంటే శానా లోతుకు పోతాండారు."

"మనది ఎట్లుండాది?"

"ఎట్లుంటాది? కట్టేసి పెట్టినాం కదా."

"ఆపేటప్పుడు ఎట్ల పోసింది?"

ఆమె ఎండుటాకు ఒకటి తుంచి నలిపింది. "కడాకు రెండు దినాలు నీళ్లు ఎర్రగా వచ్చినాయి. మోటారు కొంచెం దగ్గింది."

"తాడు విప్పు. అయిదు నిమిషాలు వేసి చూద్దాం. పైపు గట్టు అవతలికి తిప్పితే తోటకు తడి తగలదు."

"వద్దక్కా."

"కొయ్యని చెట్టు పాత ఆకుతో వానల దాకా ఎట్లో బతుకుతాది. కోసిందానికి నీళ్లు గావాల. ముందు నీళ్లున్నాయో లేదో చూడాల కదా."

"లేవని తెలిస్తే ఏం చేస్తా? కొయ్యకుంటే పూయదు. పూయకుంటే నేనేం తినాల?"

ఇంతలో గొర్రెలాయన మందను గట్టు దగ్గరికి తెచ్చి నిలబెట్టాడు. కాసేపు మా మాటలు విన్నాడు. "అమ్మా, మీ పంచాయతీ ఎప్పుడు తెగుతాది? ఇవి మాటలు తిని బతకవు."

"సగం సాళ్లు వదిలేద్దాం," అన్నాను నేను.

"ఈ సాలు తినండి, ఆ సాలు వదలండి అని గొర్రెలకు నువ్వే చెప్పుక్కా. నీ మాటంటే అందరికీ భయమే కదా," అని చెల్లెలు ఆయన వైపు తిరిగింది. "తోలప్పా."

సాయంత్రానికి తోటలో పుల్లలు తప్ప ఏమీ మిగల్లేదు.

మర్నాడు కత్తిరింపు మొదలుపెట్టాం. బయటి వైపు చూసే కణుపుకు కాస్త పైన, ఏటవాలుగా కోయాలి. లోపలికి తిరిగిన కొమ్మను మొదలంటా తీసేయాలి. కోసినచోట లోపల పచ్చగా ఉండి వేలికి కొంచెం తడి తగలాలి. ఆ రోజు చాలా కొమ్మలకు తగల్లేదు. ఇంకాస్త కిందికి కోసి చూశాను. గోధుమరంగే. చెల్లెలు నా చేతులనే చూస్తోంది.

పక్క చేను ఆసామి కంచె దగ్గరికి వచ్చాడు. ఆ తోట తనకు అమ్మమని రెండేళ్లుగా అడుగుతున్న మనిషి.

"ఏం పెద్దమ్మా, రాయచోటి నుంచి వచ్చినావా? ఏడాదికొకసారి తోటకు గుండు కొట్టనిది మీకు నిద్ర పట్టదే."

"తోట నాకిచ్చేస్తే మా ఇంటి పూలు నేనే పూయించుకుంటా కదా," అని చెల్లెలితో అన్నాడు.

"నీ చేతిలో పూయకుంటే మీ ఇంట్లో పెండ్లికి పూలు ఎవరిని అడుగుతావప్పా?" అంది ఆమె.

"నీళ్లుంటే పూలమ్మా," అని నవ్వి వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నం రిగ్గు మోత మారింది. గరగర పోయి బుసబుసమని వినిపించింది. తర్వాత కేకలు. తలెత్తి చూస్తే నీళ్లు లారీ ఎత్తు దాటి లేస్తున్నాయి. తెల్లటి బురద వాలుకు జారి, మా కంచె కిందుగా వచ్చి మొదటి సాలు దగ్గర ఆగింది. చెల్లెలు ఒకసారి చూసి, మళ్లీ వంగి కోయసాగింది. మిగిలిన చెట్లన్నీ కోసి ముగించాం.

నేను ఊరికి వెళ్లలేదు. నీళ్లు వదిలే రోజు వరకు అక్కడే ఉన్నాను. ఆ పొద్దున ఆమె పెట్టెకున్న తాడు తానే విప్పి మోటారు వేసింది. పైపులోంచి గాలి వచ్చింది. ఆ వెనక ఎర్రటి నీళ్లు మూరెడు దూరం పారాయి. మళ్లీ గాలి. ఆపి, గంట ఆగి వేస్తే ఒక బిందె నిండేంత పోసి ఆగిపోయింది. మధ్యాహ్నం కూడా అంతే. ఆమె ఆ పైపు ముందే కూర్చుంది.

మోటారు చప్పుడు ఆగి ఆగి వినపడుతుంటే కంచె అవతలికీ తెలిసినట్టుంది. ఆసామి అక్కడి నుంచే పిలిచాడు. "నా బోరు నుంచి పైపు నేనేయిస్తా అమ్మా. తోట అమ్మే కాగితం మాట మాట్లాడుకుందాం రా."

ఆమె అటు తిరగలేదు. "ఇంకేమన్నా దోవ ఉండాదా అక్కా?" అని నన్ను అడిగింది.

ఉన్నది ఒక్కటే. ఆ బిందెడు బిందెడు నీళ్లు రెండు సాళ్లకు సరిపోతాయేమో. తక్కినవాటిని మట్టి మట్టానికి కోసేసి, ఎండ తగలకుండా పైన కంప కప్పాలి. కొమ్మ ఉంటే చిగురు పెట్టబోయి వేరులోని బలమంతా ఖర్చు చేసుకుంటుంది. కొమ్మ లేకపోతే వేరు వాన కోసం కాచుకుంటుంది. ఈ ఏడు పూలుండవు. పై ఏటికి ఎన్ని లేస్తాయో చెప్పలేనని కూడా అన్నాను.

"ఏ రెండు సాళ్లు?"

"బోరు దగ్గర తొట్టి పక్కవి, మొదటి రెండు."

ఆమె లేచి పాకలోంచి చేతిరంపం తెచ్చింది. కంచె అవతల ఆయన ఇంకా నిలబడే ఉన్నాడు. చెల్లెలు మూడో సాలు మొదట్లో చతికిలబడి, మొదటి చెట్టు చుట్టూ మట్టి చేత్తో పక్కకు తోసి, నేలకు ఆనించి రంపం పెట్టింది.