నాన్న చెప్పిన ఎర్రనీటి పాఠం

నా చిన్నప్పుడు, పంతొమ్మిది వందల యాభైల్లో, ఆకివీడు దగ్గర కొల్లేటి ఒడ్డునున్న మా ఊళ్లో నాట్లు మొదలయ్యాయంటే బడి సగం ఖాళీ అయ్యేది. నేను ఆరో తరగతిలో ఉండగా మా నాన్న నన్ను నాట్లకి తీసుకుపోవడమే కాదు, మొత్తానికే చదువు మాన్పించాలనుకున్నాడు. ఆ మాట చెప్పడానికి నన్ను వెంటబెట్టుకుని బడికి వచ్చాడు.

మా సోషల్ మాస్టారు గోడకి జిల్లా పటం తగిలించి ఏర్ల గురించి చెబుతున్నారు. నాన్న గుమ్మంలోనే నిలబడి, "పిల్లకి సంతకం వచ్చిందండి, ఇంక చాలండి. పొలానికి పనికొచ్చే ముక్క ఒక్కటీ లేదు కదండీ ఈ చదువులో" అన్నాడు.

మాస్టారు వాదించలేదు. పేరు తీసేసే సంగతి పాఠం అయ్యాక చూద్దామని, ఈలోగా మన పల్లపు చేలలో లేత నారు ఎందుకు నాటరో పిల్లలకు చెప్పిపెట్టమని అడిగారు. నాన్న కాసేపు మొహమాటపడి, కండువా సర్దుకుని మొదలుపెట్టాడు. కొల్లేటి నల్లనీళ్లలో ఎర్రనీరు కలిసిందంటే చేలు మునిగే రోజు దగ్గరపడినట్టేనట. లేత నారు మునిగి కుళ్లిపోతుంది కనుక, ముదిరి పొడుగైన నారు వేసి కొసలు నీటిపైన నిలిచేలా చూసుకుంటారట. అంతా కదలకుండా విన్నాం.

వెనక వరసలోంచి ఒకమ్మాయి లేచి, మనూళ్లో వాన లేనప్పుడు కూడా ఆ ఎర్రనీరు ఎక్కణ్ణించి వస్తుందని అడిగింది.

"ఏమోనమ్మా, అది నాకూ తెలీదు" అన్నాడు నాన్న.

మాస్టారు నన్ను లేపి, పటంలో తమ్మిలేరు వెంట పైకి వెళుతూ ఊళ్ల పేర్లు చదవమన్నారు. కొల్లేటి నుంచి ఏలూరు మీదుగా చింతలపూడి దాకా చదివాను. అక్కడి మెట్టల్లో వాన పడితే ఆ ఎర్రమట్టే కొట్టుకొచ్చి మన నీళ్లలో కలుస్తుందని మాస్టారు చెప్పారు. నాన్న పటం దగ్గరకొచ్చి, "మన కొల్లేరు ఇంతేనాండీ?" అంటే పిల్లలు నవ్వారు. ఆయన నవ్వలేదు. తనకు రాని అక్షరాల మీద వేలు పెట్టి, "ఇదేం ఊరే అమ్మాయ్?" అని నన్నడిగాడు. చెప్పాను. మళ్లీ ఇంకోటి అడిగాడు.

పాఠం అయ్యాక, పిల్ల పేరు తీసెయ్యమంటారా అని అడిగారు మాస్టారు.

"ఉండనివ్వండి. నాట్లు అవగానే పంపిస్తాను. పైన వాన పడితే ఆ కబురు పేపర్లో వేస్తారాండీ?"

ఆ వారం నుంచి సాయంత్రాలు మా ఊరి గ్రంథాలయంలో పేపరు తెరిచి, మెట్ట వైపు వానల కబురు వెతికి నాన్నకు చదివి చెప్పడం నా పనైంది. బడి చదువు నాకు ఎక్కువ సాగలేదు గాని, ఆ గ్రంథాలయంలో చదవని అలమార లేదని గర్వంగానే చెబుతాను. ఇప్పటికీ నేల గురించో నీటి గురించో కొత్తది చదివితే, దాన్ని ఒక రైతుకు వినిపించి, ఆయన ఏమంటాడో విన్న తరువాతే నాకు తెలిసిందనుకుంటాను.