దెబ్బ తిన్న డ్రైవర్ వేషం

అబుదాబిలోని యాస్ దీవిలో కార్ల పందేలు మొదలై పదేళ్లు దాటాక నేను అక్కడ పనిలో చేరాను. ఆ పందెం చరిత్ర రాసేవాళ్లు ఏ ఏడు ఎవరు గెలిచారో రాసుకుంటారు. ఆ పేర్లకు నాకు నోరు తిరగదు, తిరగాల్సిన అవసరమూ రాలేదు. నా చరిత్ర వేరు. కుర్చీలన్నీ ఖాళీగా ఉన్న ఏడు, మలుపులు మార్చిన ఏడు, మావాడు మిద్దె మీద నుంచి పడ్డ ఏడు. ఎక్కడ మొదలుపెట్టినా మూడోదాని దగ్గరికే వచ్చి ఆగుతాను.

నా పని స్టోర్‌లో. మంటలార్పే సిలిండర్లు, నారింజ రంగు చొక్కాలు, చీపుళ్లు, తాళ్లు అడిగినవాళ్లకు అందించడం. కరోనా ఏడాది, పందేనికి కొన్ని వారాల ముందు, మా ముదీర్, అంటే మేనేజరు, నన్ను పిలిచి పైనుంచి కిందిదాకా చూశాడు. బరువెంత అని అడిగాడు. యాభై రెండు కిలోలన్నాను. సరిపోతావన్నాడు. బుద్ధెరిగాక నా బక్కతనం ఒక అర్హతగా పనికొచ్చింది అదే మొదటిసారి.

సంగతేమిటంటే, గుద్దుకున్న కారులోంచి డ్రైవర్‌ని ఎలా బయటికి తీయాలో రక్షణ దళం ఏటా సాధన చేస్తుంది. ఇంజనూ చక్రాలూ లేని ఉత్త కారు డొల్ల ఒకటి ఉంటుంది. అందులో దెబ్బ తిన్న డ్రైవర్‌లా ఒకడు కూర్చోవాలి. ఎప్పుడూ కూర్చునే ఫిలిప్పీన్స్ గుమాస్తా ఆ ఏడు క్వారంటైన్‌లో ఉన్నాడు. అలా ఆ వేషం నాకొచ్చింది. హెల్మెట్ పెట్టి, బెల్టులు బిగించి, కదలొద్దన్నారు. కదలకుండా ఉండడం పేదవాడికి ఎవరూ నేర్పక్కర్లేదు.

దళానికి నేర్పేది ఒక మలయాళీ డాక్టరమ్మ. మాస్కు వెనక నుంచి హిందీలో చెప్పిందే పదిసార్లు చెప్పేది. తల పట్టుకున్నవాళ్లే అక్కడ మేస్త్రీ. ఒకటి, రెండు, మూడు అని లెక్క చెప్పేది వాళ్లొక్కరే, మిగతా ఐదుగురూ ఆ మాట కోసం ఆగాలి. తల, మెడ, నడుము ఒకే చెక్కలాగా లేవాలి. లేపేముందు కాలి వేళ్లు కదపమని అడగాలి. "మనిషిని సగం దెబ్బ విరుస్తుంది, మిగతా సగం సాయానికొచ్చిన చేతులు విరుస్తాయి" అనేది. నేను డొల్లలో కూర్చుని అన్నీ వింటూ ఉండేవాణ్ణి. మా పందేనికి రెండు వారాల ముందే పక్క దేశపు పందెంలో ఒక కారు ఇనుప కంచెలో దూరి, రెండు ముక్కలై తగలబడింది. డ్రైవర్ మంటల్లోంచి ప్రాణాలతో బయటికి వచ్చాడు. ఆ మర్నాటి నుంచి సాధనలో ఎవరూ నవ్వలేదు.

పందెం రోజు స్టాండ్లలో ఒక్క మనిషి లేడు. ఖాళీ కుర్చీల ముందు కార్లు తిరిగాయి, పందెం ఎప్పటిలాగే ఎండలో మొదలై లైట్ల కింద ముగిసింది. అంత డబ్బు పోసి ఎవరూ లేనిచోట తిరగడమేమిటో నాకు అర్థం కాలేదు. టీవీలో చూశారట, లోకమంతా.

అప్పట్లో నేను అబుదాబి శివార్లలో, బనియాస్‌లో ఒక పాత విల్లాలో ఉండేవాణ్ణి. గదిలో నలుగురం. అందులో ఒకడు మావాడు, మా మండలమే, నాకన్నా నాలుగేళ్లు చిన్న. వీసా ఇచ్చిన కఫీల్ దగ్గర గొడవపడి బయటికొచ్చేశాడు, కాగితాలు లేవు. మావైపు ఇలాంటివాళ్లను ఖల్లివల్లి అంటారు. రంగులు వేయడం, ఏసీలు బాగుచేయడం, ఏది దొరికితే అది చేసేవాడు. పోలీసు బండి వీధి చివర కనబడితే కిరాణా కొట్టు వెనక్కి పోయేవాడు. నా వేషం సంగతి విని రెండు రోజులు పొట్ట పట్టుకుని నవ్వాడు. "గంత పైలంగ నిన్ను మీ అమ్మ గూడ ఎత్తలేదే అన్నా" అన్నాడు. నిజమే. ఆరుగురు కలిసి గుడ్డులాగా ఎత్తి దించుతుంటే నాకు కొన్నిసార్లు కళ్లలో నీళ్లు తిరిగేవి. ఆ మాట వాడికి చెప్పలేదు, చెబితే ఇంకో రెండు రోజులు నవ్వుతాడని.

మరుసటి ఏడు మలుపులు మార్చారు. ఇరుకు మూలలు తీసేసి, ఒకచోట అన్నీ కలిపి ఒకే పొడవాటి వంపు చేశారు. కార్లు ఇంకా వేగంగా పోవాలట. వేగం పెరిగితే మా సాధనా పెరిగింది, నేను ఇంకా ఎక్కువసార్లు దెబ్బ తిన్నాను. ఆ ఏడు చివరి చుట్టులో గెలుపు చేతులు మారిందని జనం నెలల తరబడి తగువులాడుకున్నారు. మా గదిలోనూ వాదించుకున్నారు, నియమాలు ఒక్కటీ తెలియకుండానే.

ఆ తరువాతి ఏడు, పందేనికి నెల ముందు, ఒక ఆదివారం పొద్దున మావాడు విల్లా మీది నీళ్ల ట్యాంకు బాగుచేయడానికి ఎక్కాడు. దిగేటప్పుడు నిచ్చెన జారింది. వెల్లకిలా సిమెంటు మీద పడ్డాడు. నేను పళ్లు తోముకుంటూ బయటే ఉన్నాను. ఉరికి వెళ్లి పక్కన కూర్చున్నాను. కళ్లు తెరిచే ఉన్నాడు, మాట స్పష్టంగానే ఉంది. నేను సరిగ్గానే మొదలుపెట్టాను, ఇది మాత్రం రాసుకోవాలి. కదలొద్దన్నాను. కాలి వేళ్లు కదపమన్నాను. రెండు కాళ్ల బొటనవేళ్లూ కదిలాయి. నా కళ్లతో చూశాను.

జేబులోంచి ఫోన్ తీసి అంబులెన్స్ నంబరు నొక్కబోతే నా మణికట్టు పట్టుకున్నాడు. "ఫోన్ చెయ్యకే అన్నా. పోలీసులొస్తరు. జేల్లేస్తరు. లేపు నన్ను, నడుస్త."

వద్దురా, వెన్నుకు దెబ్బ తగిలితే లేపకూడదు అన్నాను. ఒక్కసారే అన్నాను. అప్పటికి గదిలోని మిగతా ఇద్దరూ వచ్చారు. వీధిలో ఒక పఠాన్ తన పికప్ ఆపి, తొందరగా ఎక్కించమని యల్లా యల్లా అంటున్నాడు. విల్లాలో ఎంతమందిమి ఉంటున్నామో పోలీసులు చూస్తే అందరూ వీధిలో పడతామని మిగతా ఇద్దరిలో ఒకడు అన్నాడు. నాకూ ఆ భయం లేదని చెప్పను. మావాడు చేతులు చాచాడు. నేను వాడి చంకల కింద చేతులు పెట్టాను. ఒకడు కాళ్లు పట్టుకున్నాడు, ఒకడు నడుము. తల ఎవరూ పట్టుకోలేదు. లెక్క ఎవరూ చెప్పలేదు. బియ్యం బస్తా ఎక్కించినట్టు ఎక్కించాం.

రోడ్డు మీద, పికప్ వెనక కూర్చుని, వేళ్లు కదపమని మళ్లీ అడిగాను. కదుపుతున్న అన్నాడు. అవి కదలడం లేదు.

ఆసుపత్రిలో డాక్టరు ఎలా తీసుకొచ్చారని అడిగాడు. తలుపు చెక్క మీద పడుకోబెట్టి తెచ్చామన్నాను. తడబడకుండా చెప్పాను. ఆయన రాసుకున్నాడు. పోలీసులు వచ్చారు, పేరు అడిగారు, కాగితాలు లేవంటే అదీ రాసుకుని వెళ్లారు. వైద్యం ఆగలేదు. జైల్లో వేయలేదు. విల్లాకు ఎవరూ రాలేదు. మేము భయపడ్డవాటిలో ఒక్కటీ జరగలేదు. కొన్ని నెలలకు, పాస్‌పోర్టు లేనివాళ్లకిచ్చే అవుట్‌పాస్ మీద, స్ట్రెచర్‌తో ఇంటికి పంపారు. నడుము కింద ఏదీ వాడిది కాదు. పడ్డప్పుడే విరిగిందేమోనని ఇప్పటికీ నాకు నేను చెప్పుకుంటాను. ఆ రెండు బొటనవేళ్లు ఆ మాటను సాగనివ్వవు.

ఆ ఏడు సాధనలో మళ్లీ నన్నే కూర్చోబెట్టారు. డాక్టరమ్మ నా తల పట్టుకుని, నొప్పి ఎక్కడ అని ఎప్పటిలాగే అడిగింది. హెల్మెట్‌లో ఏడుస్తున్నానని ఆమెకు కనబడి ఉంటుంది. బెల్టు బిగుతుగా ఉందా అని వదులు చేయించింది. నాకు ఆవిడ మీద పట్టరాని కోపం వచ్చింది. ఎందుకో అడిగితే చెప్పలేను. రెండేళ్లు వినీ వినీ అవసరం వచ్చిన ఒక్క నిమిషంలో చంకల కింద చేతులు పెట్టినవాడు తన కోపం ఇంకెవరి మీద చూపించుకోగలడు?

రెండేళ్ల తరువాత సెలవు మీద ఊరికి వెళ్లి వాణ్ణి చూశాను. వెళ్లకముందే నా కీర్తి అక్కడికి చేరింది. అన్న ఆ రోజు ఎత్తుకపోకుంటే నేను ఆడనే సచ్చిపోదును అని ఊరందరికీ చెప్పాడు. వాడి భార్య కాళ్లకు నీళ్లిచ్చింది, కోడి కోయించింది. నేను తిన్నాను. ఒంట్లో సిగ్గున్నవాడు తినడు.

అన్నం తిన్నాక ఆమె వాణ్ణి పక్కకు తిప్పడానికి లేచింది. పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి తిప్పాలి. ఒక్కతే చేసుకుంటోంది, తిప్పిన ప్రతిసారీ వాడు అరుస్తాడట. జర చెయ్యి వెయ్యమంది. నా చేతులు వాటంతటవే వాడి తల దగ్గరికి పోయాయి. రెండు చెవుల పక్కన అరచేతులు పెట్టి, మోచేతులు మంచానికి ఆనించి, భుజం ఎక్కడ పట్టుకోవాలో తుంటి ఎక్కడ పట్టుకోవాలో ఆమెకు చెప్పాను. ఒకటి, రెండు, మూడు అన్నాను. వాడు చెక్కలాగా ఒక్క ముక్కగా గోడ వైపు తిరిగాడు. అరవలేదు.

ఆమె ఆశ్చర్యపోయింది. "ఇంత మంచిగ తిప్పుడు యాడ నేర్చినవే అన్నా?"

అబుదాబిలో, కార్ల పందెం కాడ అన్నాను.

"ఎప్పుడు?"

అబద్ధం చెప్పొచ్చు. ఆసుపత్రిలో ఎంత బాగా చెప్పానో నాకు తెలుసు. కానీ వాడి తల ఇంకా నా చేతుల్లోనే ఉంది.

"కరోనా ఏడు" అన్నాను.

దుప్పటి కొస ఆమె చేతిలో అలాగే ఉంది. "గట్లైతే ఈయన పడ్డనాడు ఇదంత నీకు ఎర్కేనా?"

"ఎర్కే."

గోడ వైపు నుంచి మావాడి గొంతు వచ్చింది. "నేనే లేపుమన్ననే."

ఆమె మంచం చుట్టూ తిరిగి వచ్చింది. వాడి తల మీది నుంచి నా చేతులు ఒకటి తరువాత ఒకటి తీసి, అక్కడ దిండు పెట్టింది.

"నువ్వు లెవ్వన్నా. ఇగ నేను జూసుకుంట."

లేచాను. మావాడు నా వైపు చూడాలనుకున్నాడేమో, మెడ కొంచెం కదిలింది. ఇటు తిరగడం వాడి వల్ల కాదు. అటు తిప్పింది నేనే.