జెస్సీ మోచేయి, నా నోరు

2023 జనవరి. అత్లోన్‌లో ఫిజియోథెరపిస్టుగా నాకది ఆరో ఏడు. వారంలో నాలుగు రోజులు ఊళ్లోని క్లినిక్‌లో పని. గురువారాలు మాత్రం కాలేజీ స్పోర్ట్స్ హాలు పక్కనున్న చిన్న గదిలో కూర్చునేదాన్ని. అక్కడికి వచ్చేవాళ్లు ఎక్కువగా కర్రతో బంతి కొట్టే ఐరిష్ ఆట హర్లింగ్, ఫుట్‌బాల్ ఆడే పిల్లలు. మోకాలు, మడమ, తొడ కండరం, ఇవే కేసులు. ఆ కాలేజీకి బేస్‌బాల్ జట్టు ఒకటి ఉందని కూడా నాకు తెలియదు.

డెక్లన్ వచ్చాకే తెలిసింది. ఆయన ఇంజనీరింగ్ ల్యాబులో టెక్నీషియన్, సాయంత్రాలు ఆ జట్టుకి కోచ్. అబ్బాయిలూ అమ్మాయిలూ కలిసి పదమూడు మంది. ఏప్రిల్‌లో కాలేజీల లీగ్ మొదలవుతుంది. బయట వాన ఆగదు కాబట్టి అప్పటిదాకా హాల్లోనే ప్రాక్టీసు. బేస్‌బాల్‌లో బ్యాటర్‌కి బంతి విసిరేవాళ్లని పిచ్చర్ అంటారు. పిచ్చర్ బాగుంటే సగం ఆట గెలిచినట్టే.

"గట్టిగా విసిరేవాళ్లు నాకు నలుగురున్నారు. అనుకున్న చోట వేసేది మాత్రం ఈ ఒక్కతే" అని ఒకమ్మాయిని నా ముందు కూర్చోబెట్టి వెళ్లాడు.

తీరా చూస్తే సుజాతక్క కూతురు జెస్సీ. సుజాతక్కది తెనాలి. ఇక్కడి హాస్పిటల్లో పద్దెనిమిదేళ్లుగా నర్సు. ఆదివారం మధ్యాహ్నాలు ఒక హాలు అద్దెకి తీసుకుని మా తెలుగువాళ్లం ప్రార్థన పెట్టుకుంటాం, అందులో ముందు వరుస ఆమెది. జెస్సీకి అప్పటికి ఇరవై ఏళ్లు. తెలుగంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇక్కడి యాసలో ఇంగ్లిషులోనే వస్తుంది.

"ఎలా ఉంది?" అన్నాను.

"అయామ్ గ్రాండ్, ఆంటీ."

ఈ దేశంలో గ్రాండ్ అంటే గొప్పగా ఉన్నానని కాదు. బాగానే ఉన్నాను, ఇంకేం అడక్కు అని. కాలు విరిగి వచ్చినవాడు కూడా నాతో అదే మాట అన్నాడు. అందుకే మేం పెయిన్ స్కేల్ వాడతాం. సున్నా అంటే నొప్పి లేదు, పది అంటే భరించలేనిది. జెస్సీ "రెండు" అంది. మోచేయి పట్టుకుని పక్కకి నెట్టి చూశాను. పెదవి బిగించింది గానీ అంకె మార్చలేదు. మోచేతి లోపలి వైపు లిగమెంట్, అంటే రెండు ఎముకల్నీ కలిపి పట్టి ఉంచే గట్టి పట్టీ, కొద్దిగా సాగిందని రాసుకున్నాను. ఆరు వారాలు బంతి ముట్టుకోవద్దన్నాను. వ్యాయామానికి పచ్చ రబ్బరు పట్టీ ఇచ్చాను. ఆ పిల్ల జుట్టు ఒక పక్కకి ఒరిగి, చిన్నపిల్లలు కట్టుకున్నట్టు వదులుగా ఉంది. ఇప్పటి పిల్లల ఫ్యాషన్ అనుకున్నాను.

లేస్తూ అంది: "ఆంటీ, మమ్మీకి చెప్పకండి, ప్లీజ్." ఆ ఒక్క మాటా తెలుగులో చెప్పింది, నాకు బాగా ఎక్కాలని కాబోలు.

"చెప్పను" అన్నాను.

మూడు రోజులు కూడా ఆగలేకపోయాను.

ఆదివారం ప్రార్థన అయ్యాక టీ పోస్తున్నాను. సుజాతక్క పక్కకొచ్చి నిలబడింది. "వందనాలమ్మా. మా జెస్సీ నీ దగ్గరికొచ్చిందా ఏంటి? పచ్చ రబ్బరొకటి తలుపుకి కట్టి లాగతా ఉంది. ఏవైందే దానికి?"

"కంగారు పడే పని లేదక్కా. మోచేతి లిగమెంట్ కాస్త సాగింది. ఆరు వారాలు ఆడకపోతే అదే సర్దుకుంటుంది" అన్నాను, కప్పు అందిస్తూ. తప్పు చేశానని ఆ క్షణంలో నాకు తట్టనే లేదు. తల్లి అడిగింది, చెప్పాను, అంతే.

నేను పని నేర్చుకున్నది ఒంగోల్లో. అక్కడ పెళ్లీడు పిల్ల వచ్చినా పక్కన తల్లి ఉండేది. నొప్పి ఎక్కడో తల్లే చెప్పేది, వ్యాయామం తల్లే నేర్చుకుని వెళ్లేది. పేషెంటు మాట్లాడటమే తక్కువ. ఇక్కడ ఇరవై ఏళ్ల మనిషి సంగతి ఆమె అనుమతి లేకుండా కన్నతల్లికైనా చెప్పకూడదు. ఆ నియమం నాకు కంఠతా వచ్చు. ఫోన్లో ఎంత బతిమాలినా పేషెంటు వార్డులో ఉన్నాడో లేడో కూడా చెప్పని నర్సు సుజాతక్క. టీ బల్ల దగ్గర మా ఇద్దరికీ ఆ చదువు గుర్తు రాలేదు. కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేమని మా అమ్మ ఊరికే అనేది కాదు.

మరుసటి గురువారం జెస్సీ రాలేదు. ఆ పై గురువారమూ రాలేదు. హాల్లో డెక్లన్ కనిపిస్తే అడిగాను.

"తనా? గ్రాండ్! మీరు ఆడొచ్చన్నారంటగా. రోజూ అరవై బంతులు వేస్తోంది" అన్నాడు సంబరంగా.

సాగిన లిగమెంట్ మీద అలా విసురుతూ పోతే అది తెగుతుంది. తెగితే ఆపరేషన్, ఏడాది ఆట బంద్, ఆ చెయ్యి మళ్లీ మునుపటిలా అవుతుందో లేదో ఎవరూ చెప్పలేరు. జెస్సీ చేతికి ఏమైందో డెక్లన్‌కి చెప్పే హక్కు కూడా నాకు లేదు. కానీ తనని ఆడమని నేను అనలేదని మాత్రం చెప్పాను. ఆయన నవ్వు ఆగిపోయింది.

ఆ రోజే మా మేనేజర్ దగ్గరికి వెళ్లి, సుజాతక్క దగ్గర నోరు జారిన సంగతి నా నోటితోనే చెప్పి, రాసి సంతకం పెట్టాను. ఆమె అరవలేదు. "ముందు ఆ అమ్మాయికి క్షమాపణ చెప్పు. నీ మీద ఫిర్యాదు చేసే హక్కు ఉందని కూడా నువ్వే చెప్పు" అని ఫారం చేతిలో పెట్టింది. ఫిర్యాదు నిలబడితే, ఫిజియోగా పనిచేయడానికి ఉన్న నా రిజిస్ట్రేషన్‌కే ముప్పు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని నన్ను నేనే తిట్టుకున్నాను.

జెస్సీకి మెసేజ్ పెడితే, పాత హ్యాండ్‌బాల్ ఆలీలో ఉన్నానంది. గోడకి బంతి కొట్టి ఆడుకోవడానికి కట్టిన పైకప్పు లేని కట్టడం అది, ఇప్పుడెవరూ వాడటం లేదు. వెళ్లేసరికి ఆ గోడకేసి బంతి విసురుతోంది. చేతికి ఎవరిదో పెద్ద గ్లవ్. తనది వాళ్లమ్మ హాట్ ప్రెస్‌లో, అంటే వేడినీళ్ల ట్యాంకుండే అల్మారాలో, దుప్పట్ల కింద దాచేసిందట.

"నీకు మాటిచ్చి తప్పాను. తప్పు నాది" అని ఫారం ఇచ్చాను. అది దేనికో చెప్పాను.

దాన్ని చదివింది. "ఇక్కడ అందరూ నాకు ఆంటీలే" అంది ఇంగ్లిషులో, గోడ వైపు చూస్తూ. "మీకు చెప్పినా మమ్మీకి తెలుస్తుంది. డాక్టరుకి చెప్పినా తెలుస్తుంది, ఆయన మమ్మీ వార్డులోనే పనిచేస్తాడు. నొప్పి అని నేను ఎవరికి చెప్పాలి?"

సిగ్గేసింది. ఈసారి అంకెలేమీ అడక్కుండా, "పొద్దున లేచిన దగ్గర్నుంచి ఆ చేత్తో ఏమేం చేయలేకపోతున్నావు?" అన్నాను.

బంతిని చేతిలో తిప్పింది. "కెటిల్ ఎత్తలేను. కారు తాళం తిప్పలేను. క్రిస్మస్ ముందు నుంచీ జుట్టు ఎడం చేత్తోనే కట్టుకుంటున్నా."

ఆ జుట్టు నేను చూశాను. ఫ్యాషన్ అనుకున్నాను.

ఫారం మడిచి జేబులో పెట్టుకుంది. "ఆలోచిస్తా" అంది. స్కానింగ్‌కి మాత్రం ఒప్పుకుంది. లిగమెంట్ కొంత తెగింది, పూర్తిగా కాదు. ఆపరేషన్ అక్కర్లేదు గానీ మూడు నెలలు విసరకూడదు. వాళ్లమ్మకి ఆ సంగతి జెస్సీయే చెప్పుకుంది. ఆ ఇంట్లో ఏం జరిగిందో నాకు తెలియదు. మర్నాడు గ్లవ్ మంచం మీద ఉందని, ఇంకా వెచ్చగా ఉందని మాత్రం నవ్వుతూ చెప్పింది.

ఏప్రిల్‌లో లీగ్ మొదలైంది. జెస్సీ లేని మొదటి రెండు మ్యాచ్‌లూ చిత్తుగా ఓడిపోయారు. డెక్లన్ నాతో ఎక్కువ మాట్లాడేవాడు కాదు. మే చివర్లో ఆఖరి మ్యాచ్‌కి అనుమతిచ్చాను, ఇరవై బంతులకి మించకూడదని షరతు పెట్టి. సుజాతక్క ఫ్లాస్కు పట్టుకుని నా పక్కనే కూర్చుంది. మావాళ్లు ఒక్క పరుగు ముందున్నారు. పద్నాలుగో బంతి వేశాక జెస్సీ చెయ్యి ఒకసారి విదిలించింది.

సుజాతక్క నా మోచేయి పట్టుకుంది. "నొప్పేనంటావా? చెప్పవే."

"దాన్నే అడగాలక్కా."

డెక్లన్ మైదానంలోకి నడిచాడు. ఇంకో ఆరు బంతులు వేస్తే గెలిచేలా ఉన్నారు. "ఆల్ రైట్?" అన్నాడు. ఆయనకీ, మా ఇద్దరికీ ఏ మాట వస్తుందో తెలుసు: గ్రాండ్.

"నో. ఇట్స్ సోర్, డెక్లన్" అంది జెస్సీ. బంతి ఆయన చేతిలో పెట్టి బయటికి వచ్చేసింది.

ఆ మ్యాచ్ ఓడిపోయారు. జెస్సీ వచ్చి తల్లి పక్కన కూర్చుంది. సుజాతక్క ఏదో అనబోయి ఆగి, టీ పోసిచ్చింది. "ఎక్కడమ్మా?" అంది.

"ఇక్కడ, మమ్మీ" అని వేలు పెట్టి చూపించింది జెస్సీ. సుజాతక్క ఆ చోట అరచెయ్యి పెట్టి అలాగే ఉంచింది. ఇన్నేళ్లలో ఎన్నో మోకాళ్లు నయం చేశాను గానీ, "సోర్", నొప్పిగా ఉంది, అన్న ఆ మాట విన్నప్పుడు కలిగిన తృప్తి ఎప్పుడూ కలగలేదు.

ఇప్పుడు నేను అంకెలతో మొదలుపెట్టను. ముందు జుట్టు చూస్తాను, చొక్కా గుండీలు చూస్తాను, కెటిల్ ఏ చేత్తో ఎత్తుతున్నారో అడుగుతాను. ఆదివారం టీ బల్ల దగ్గర ఏ తల్లి అడిగినా, "పిల్లనే అడుగక్కా" అంటాను. కొందరికి కోపం వస్తుంది, వచ్చినా సరే. జెస్సీ ఆ ఫారం ఎవరికీ ఇవ్వలేదు. నాకూ తిరిగి ఇవ్వలేదు, ఇమ్మని నేను అడగలేదు.