గిటార్ బొమ్మ పెట్టని పాట

మొన్న శనివారం మా ఇంటికి పోలీసులొచ్చారండీ! నాకోసమే! నవ్వకండి, ముందు వినండి. నేను చేసిన నేరమల్లా ఒక పాట రాయడం.

నాకు బ్లూస్ పిచ్చి కదా, అదే, అమెరికా వాళ్ళ విషాద గీతాలు. ఇంట్లో ఎవరికీ పడదు. "ఎవరో ఏడుస్తున్నట్టుంది, ఆపండి బాబూ" అంటుంది మా ఆవిడ లావణ్య. మా పాపైతే "డాడ్, ఈజ్ దట్ మ్యాన్ ఓకే?" అని అడుగుతుంది. అందుకని ఆన్‌లైన్‌లో నాలాంటి వాళ్ళని ఇద్దరిని పట్టుకున్నాను. పెర్త్‌లో ఉండే డాక్టర్ పద్మక్క, కాకినాడలో రిటైరైన మూర్తి అంకుల్. ఇద్దర్నీ ఎదురుగా ఎప్పుడూ చూడలేదు. అయినా నాలుగేళ్ళుగా మా ముగ్గురికీ ఒక గ్రూప్. పాటలు పంపుకుంటాం, ఎవరింట్లో ఏం వండారో చెప్పుకుంటాం. ప్రపంచ వార్తలైతే మూర్తి అంకుల్ పొద్దున్నే తన కామెంట్రీతో సహా పెట్టేస్తారు. అన్నీ కలగాపులగం అయిపోతున్నాయని పద్మక్క ఒక రూల్ పెట్టింది. పాటైతే మెసేజ్ ముందు గిటార్ బొమ్మ ఉండాలి. బొమ్మ లేకపోతే నిజం కింద లెక్క.

ఆ శనివారం లావణ్య పాపని తీసుకుని మెల్‌బోర్న్ వెళ్ళింది, క్లైడ్ నార్త్‌లో వాళ్ళ చెల్లెలి గృహప్రవేశానికి. ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉండి నేను ఆగిపోయాను. కాఫీ కలుపుకుంటుంటే ఇల్లంతా నిశ్శబ్దం. అంతే, పాట తన్నుకొచ్చేసింది! టకటకా టైప్ చేసి గ్రూప్‌లో పడేశాను:

"పొద్దున్నే లేచాను, ఇల్లంతా ఖాళీ.
పొద్దున్నే లేచాను, ఇల్లంతా ఖాళీ.
మా ఆవిడ వెళ్ళిపోయింది, ఇంక నాకెవరు దిక్కు?"

బ్లూస్‌లో మొదటి లైను రెండుసార్లు పాడతారు కదా, అలాగే రాశాను. బొమ్మ పెట్టడం మాత్రం మర్చిపోయాను. ఫోన్ సైలెంట్‌లోనే కిచెన్‌లో ఛార్జింగ్‌కి పెట్టి, గడ్డి కొయ్యడానికి బ్యాక్‌యార్డ్‌లోకి వెళ్ళాను. మోవర్ హోరుకి చెవులకి మఫ్స్ కూడా పెట్టుకున్నాను.

అరగంటయిందో లేదో, ఎవరో భుజం మీద తట్టారు. ఎగిరిపడ్డాను! ఎదురుగా యూనిఫాంలో ఒకమ్మాయి, వెనక ఇంకో ఆఫీసర్.

"సురేష్? ఆర్ యూ ఓకే, మేట్? బెల్ కొడితే ఎవరూ తియ్యలేదు. పెర్త్ నుంచి మీ ఫ్రెండ్ ఫోన్ చేశారు. మీ వైఫ్ వెళ్ళిపోయారటగా?"

"అవును, మెల్‌బోర్న్ వెళ్ళింది!"

"ఫర్ గుడ్?"

"ఫర్ ద వీకెండ్!"

నమ్మకం కుదరలేదు పాపం. లావణ్యకి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టమన్నారు. "మేడమ్, హ్యావ్ యూ లెఫ్ట్ యువర్ హజ్బెండ్?" అనడిగింది ఆ అమ్మాయి.

"నాట్ యెట్!" అంది లావణ్య. "వై? ఏం చేశాడు?"

ఇద్దరూ నవ్వాపుకోలేక గేటు దాకా వెళ్ళి, "నీకు మంచి ఫ్రెండ్స్ ఉన్నారు, ముందు వాళ్ళకి కాల్ చెయ్" అని చెప్పి వెళ్ళిపోయారు.

అప్పుడు చూశాను గ్రూప్. ఇరవై మూడు మిస్డ్ కాల్స్! "బాబూ సురేష్, ఫోనెత్తు నాన్నా. అమ్మాయితో నేను మాట్లాడతాను" అని మూర్తి అంకుల్. "ఒకే మాట రెండుసార్లు రాశాడంకుల్, మనిషి మనిషిలో లేడు. నేను వాడికి పాటల క్యాసెట్ పంపిన ఇంటి అడ్రస్ ఉంది, క్వేకర్స్ హిల్‌లో. పోలీసులకి ఇస్తున్నా" అని పద్మక్క. చదువుతుంటే నవ్వు రాలేదండీ, మళ్ళీ మొదటి నుంచి చదివాను. ఎదురుగా ఎప్పుడూ చూడని మనుషులు!

వెంటనే వీడియో కాల్ చేశాను. నేను కనపడగానే పద్మక్క హమ్మయ్య అని కూలబడి, కళ్ళు తుడుచుకుని, ఆ తర్వాత మొదలుపెట్టింది. "గాడిదా! ఎమర్జెన్సీ డ్యూటీలో కూడా నేనింత కంగారు పడలేదు! పాటా అది?"

"పాటే అక్కా. సారీ అక్కా." లెంపలేసుకున్నాను. మూర్తి అంకుల్ అప్పటికి మూడోసారి దండం పెడుతున్నారు దేవుడికి. కాసేపటికి అందరం తేరుకుని నవ్వుకున్నాం. ఊరుకోవచ్చుగా నేను! నోరాగలేదు.

"అది సరే గానీ, పాట ఎలా ఉంది?"

పద్మక్క టక్కున కెమెరా ఆపేసింది. నెట్ పోయిందనుకున్నాను. మూర్తి అంకుల్ గొంతు సవరించుకున్నారు.

"నువ్వు క్షేమంగా ఉన్నావు బాబూ. ఇవాళ్టికి అది చాలు."