మళ్ళీచెప్పండి గారి వాల్వు

ఆయనకు ఏ మాటా మొదటిసారి అర్థం కాదు. రెండోసారి అనుమానం వస్తుంది. మూడోసారికి చెప్పేవాడికే తానేం చెబుతున్నాడో తెలియకుండా పోతుంది. అందుకే సరిహద్దు దగ్గర గ్యాసు కొలిచే ఆ స్టేషన్లో పెద్ద అధికారిని అందరూ చాటుగా మళ్ళీచెప్పండి గారు అనేవారు. ఎదురుగా అన్నా ఫరవాలేదు. మళ్ళీ చెప్పమనేవారు, అంతే.

"పెళ్ళికి ముందు మా నాన్న 'మా అమ్మాయి నచ్చిందా?' అనడిగితే మళ్ళీ చెప్పమన్నారమ్మా," అని ఆయన భార్య షిఫ్టు ఇంజనీరమ్మతో వాపోయింది. "ఇప్పటికీ జవాబు లేదు."

ఇంజనీరమ్మకు ఆయనతో వేగడం ఒక ఎత్తు, ఆ గొట్టం గొడవ ఒక ఎత్తు. గ్యాసు ఒక దేశంలో పుట్టి, వీళ్ళ దేశం మీదుగా నడిచి, పక్కదేశపు పొయ్యిల్లో మండుతుంది. దారి ఇచ్చినందుకు వీళ్ళకు అద్దె రావాలి. కొనేవాళ్ళేమో అమ్మేవాళ్ళను అడగమంటారు. అమ్మేవాళ్ళేమో ధరలోంచి తగ్గించేశాం, కొనేవాళ్ళను అడగమంటారు. ఆవిడ కాగితం మీద బాణాలు గీసి చూసుకునేది. అన్ని బాణాలూ తిరిగి తిరిగి మొదటికే వచ్చేవి.

మంచు ముంచెత్తిన ఒక ఉదయం ప్రధాన కార్యాలయం నుంచి ఫోను మోగింది. ఆయన స్పీకరు నొక్కారు.

"అద్దె రాలేదు. వాల్వు మూసేయండి."

ఇంజనీరమ్మ కుర్చీ వెనక్కి జరుపుకుంది. మూసే బటను ఆవిడ ముందే ఉంది. అది నొక్కితే కొండకవతల ఊరంతా చలికి బిగుసుకుపోతుంది.

"మళ్ళీ చెప్పండి."

"వాల్వు! మూసేయండి!"

"మూస్తాను సార్. గొట్టంలో ఇప్పుడున్న గ్యాసు ఎవరిదండీ?"

"అమ్మేవాళ్ళది."

"వాళ్ళ గ్యాసును మనమెలా ఆపుతాం?"

"అయితే కొన్నవాళ్ళది!"

"కొనేసుకుంటే ఇచ్చేయాలి కదండీ? మళ్ళీ చెప్పండి."

అటువైపు గుసగుసలు. కాసేపటికి లాయరు అందుకున్నాడు. "మీటరు దాటితే కొన్నవాళ్ళది, దాటకపోతే అమ్మేవాళ్ళది."

"మీటరు లోపల ఉన్నదో?"

లాయరు ఒప్పందం తెచ్చుకుంటానని వెళ్ళాడు. ఆ తర్వాత ఆర్థిక సలహాదారు వచ్చి, సగంలో తన లెక్క తనకే తప్పు తోచి, క్షమాపణ చెప్పి పెట్టేశాడు. ఇంకెవరో పెద్దమనిషి వచ్చి "అసలు ఎవరు ఎవరికివ్వాలయ్యా?" అని ఈయన్నే అడిగాడు.

"ఉద్యోగం ఊడుతుంది సార్," అంది ఇంజనీరమ్మ, మెల్లగా.

"ఎవరిదమ్మా?"

"మీదే!"

"మళ్ళీ చెప్పు."

సాయంత్రానికి మూడు దేశాల మంత్రులూ ఏదో ఒప్పుకున్నారు. ఏమిటన్నది ఎవరికీ తెలీదు. "వాల్వు ముట్టుకోవద్దు," అంది ఫోను.

"అలాగే సార్," అని ఆయన టక్కున పెట్టేసి, టీ తాగడానికి వెళ్ళారు.

ఇంజనీరమ్మ నోరు తెరిచింది. మొదటిసారికే అర్థమైపోయిందా? ఇంతలో అవతలి దేశపు స్టేషన్ నుంచి అక్కడి అధికారి ఫోను చేశాడు.

"అమ్మా, మీ సార్‌కి మా ఊరంతా దణ్ణం పెట్టిందని చెప్పు. పొద్దున్నే ఫోన్ చేసి, 'అద్దె గడువు నిన్నటితో అయిపోయింది, ఇవాళ మూసేయమంటారు, ఆపగలిగినంత సేపు ఆపుతాను, ఇళ్ళు వెచ్చబెట్టుకోండి' అన్నాడు. ఎవరు ఎవరికి ఎందుకివ్వాలో కూడా అరటిపండు ఒలిచినట్టు చెప్పాడు. ఇన్నేళ్ళలో నాకు అర్థం కావడం అదే మొదలు!"

"ఆయనా? ఒలిచినట్టా?" ఇంజనీరమ్మ గబగబా కలం తీసింది. "అయ్యా, మీకు పుణ్యముంటుంది, నాకూ చెప్పండి. ఎవరు ఎవరికివ్వాలి?"

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు వినిపించింది.

"పొద్దున బాగా తెలిసిందమ్మా," అన్నాడాయన చివరికి. "ఇల్లు వెచ్చబడ్డాక మర్చిపోయాను."